రేవుకు వచ్చిన మాటలు: వబా నుండి క్వారంటీన్ వరకు

వంశధార నది బంగాళాఖాతంలో కలిసే చోట కళింగపట్నం ఉన్నది. నేడది శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని తీరగ్రామం. దీపస్తంభం, మత్స్యకారుల పడవలు, మదీనా బాబా దర్గా చూడవచ్చిన వారి కంటికి ముందుగా కనిపిస్తాయి. పూర్వం మాత్రం ఇది కళింగ దేశపు ప్రసిద్ధ ఓడరేవు. సుగంధ ద్రవ్యాలు, వస్త్రాలు ఇక్కడి నుండి సముద్రం దాటి వెళ్ళేవి. నదీతీరాన శాలిహుండం కొండ మీద ఉన్న బౌద్ధ స్తూపాలు ఈ ప్రాంతపు ప్రాచీనతకు సాక్ష్యం. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో శ్రీకాకుళం ఒక ఫౌజ్‌దారీ కేంద్రమైనది. ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో అక్కడ కట్టించిన జామియా మస్జిద్ నేటికీ నిలిచి ఉన్నది.

రేవులో సరుకుతో పాటు మాటలు కూడా దిగుతాయి. లంగరు, బందరు, సరంగు అనేవి పారశీక పదాలని తెలియకుండానే తెలుగువారు తరతరాలుగా వాడుతున్నారు. వ్యాధులు, వ్యాధుల పేర్లు, వ్యాధులను ఆపడానికి పుట్టిన చట్టాల మాటలు కూడా చాలావరకు ఓడల వెంటనే వచ్చాయి. 2020లో కోవిడ్ మహమ్మారి వ్యాపించినపుడు ఎపిడమిక్, పాండమిక్, ఐసొలేషన్, క్వారంటీన్, పాజిటివ్ కేసు, అనుమానితుడు అనే పదాలు కొద్ది వారాలలోనే ప్రతి ఇంటి గడప దాటాయి. మాటలు అందరి నోటా పలికాయి. వాటి అర్థాలు మాత్రం అందరికీ అందలేదు. అర్థం తెలియని మాట భయాన్ని పెంచింది. కొన్ని చోట్ల మనుష్యుల గౌరవాన్నే దెబ్బతీసింది. అందుచేత ఈ పదాల చరిత్రను పరిశీలించడం భాషాశాస్త్ర వినోదం కోసం కాదు, అవసరం కొద్దీ చేయవలసిన పని.

తాఊన్, వబా

వ్యాధుల పేర్లను వేరుచేసి చూడటం ముస్లిం పండితులకు క్రొత్త కాదు. అరబీలో వబా అంటే ఒక ప్రాంతంలో ఒకేసారి అనేకులకు సోకే ఏ వ్యాధి అయినా సరే. తాఊన్ అంటే ప్రత్యేకించి ప్లేగు. ఈ రెండు పదాలను సామాన్యులు కలిపివేసేవారు. హిజ్రీ 9వ శతాబ్దిలో కైరో నగరంలో జీవించిన సుప్రసిద్ధ హదీసు పండితుడు ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్) ప్లేగును గురించి 'బజ్లుల్ మాఊన్' అనే గ్రంథం రచించారు. ప్రతి తాఊన్ వబాయే అవుతుంది గాని ప్రతి వబా తాఊన్ కాజాలదని అందులో ఆయన నిరూపించారు.

ఈ విభజన అక్షరాల తగవు కాదు. మదీనా నగరంలో తాఊన్ ప్రవేశించదని హదీసు ఉన్నది. ముహాజిర్లు మదీనాకు వచ్చిన తొలి రోజులలో అక్కడ జ్వరాల వబా ఉండేదని మరొక హదీసు తెలుపుతున్నది. రెండు మాటలూ ఒకటే అనుకున్న వారికి ఈ రెండు ఉల్లేఖనాలు పరస్పర విరుద్ధంగా తోస్తాయి. వేరుచేసి చూచిన వారికి ఏ వైరుధ్యమూ లేదు. ఇబ్నె హజర్ గారి ముగ్గురు కుమార్తెలు ప్లేగు వ్యాధికే బలి అయ్యారు. పుత్రికాశోకం అనుభవించిన తండ్రి ఆ వ్యాధి పేరును ఇంత నిదానంగా, ఇంత నిష్పక్షపాతంగా నిర్వచించడం గమనించదగిన విషయం.

నేటి వైద్యశాస్త్రం ఇటువంటి విభజననే మరో విధంగా చేస్తున్నది. ఒక ప్రాంతంలో ఎల్లప్పుడూ ఉంటూ ఉండే వ్యాధిని ఎండమిక్ అంటారు. ఉత్తరాంధ్ర తీరంలో బోదకాలు, మన్యంలో మలేరియా ఇందుకు ఉదాహరణలు. ఒక చోట మామూలు కంటే ఎక్కువగా, హఠాత్తుగా ప్రబలితే అది ఎపిడమిక్. ఈ ప్రాంతపు పెద్దలు మరిడి అని పిలిచిన కలరా అలాగే వచ్చి పోయేది. దేశాల ఎల్లలు దాటి ప్రపంచమంతటా వ్యాపిస్తే అది పాండమిక్. గ్రీకు భాషలో పాన్ అంటే సమస్తం, డెమోస్ అంటే ప్రజ. పాండమిక్ అనే మాట వ్యాధి ఎంత దూరం వ్యాపించినదో చెబుతుంది. అది ఎంత ప్రాణాంతకమో చెప్పదు. 2009 జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ఇన్‌ఫ్లుయెంజాను పాండమిక్ అని ప్రకటించింది. అది 1918 నాటి దానంత ఘోరంగా పరిణమించలేదు. ఈ తేడా తెలిస్తే ప్రకటన వినగానే గుండెలు జారిపోవు, నిర్లక్ష్యమూ కలుగదు.

సర్గ్ మజిలీలో ఒక నిర్ణయం

హిజ్రీ 18వ సంవత్సరంలో (క్రీ.శ. 639) సిరియా, పాలస్తీనా ప్రాంతాలలో ప్లేగు చెలరేగింది. పాలస్తీనాలోని అమ్వాస్ అనే ఊరి పేర దానిని అమ్వాస్ తాఊన్ అంటారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్గ్ అనే మజిలీ చేరేసరికి ఈ వార్త అందినది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను విడివిడిగా సంప్రదించారు. అభిప్రాయాలు భిన్నంగా వచ్చాయి. తిరిగి వెళ్ళాలని ఆయన నిశ్చయించగా, సేనాపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఇది అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోవడం కాదా అని అడిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళ్తున్నామని ఖలీఫా సమాధానమిచ్చారు. ఇంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ప్రదేశంలో ప్రవేశించవద్దనీ, తామున్న చోట అది వస్తే దాని నుండి పారిపోయే ఉద్దేశంతో బయటికి వెళ్ళవద్దనీ దైవప్రవక్త (స) బోధించిన విషయం తెలిపారు.

ఈ బోధనలో రెండు బాధ్యతలున్నాయి. మొదటిది బయటివారు తమ ప్రాణాన్ని కాపాడుకోవడం. రెండవది లోపలివారు ఇతరుల ప్రాణాన్ని కాపాడటం. రెండవ బాధ్యత కష్టమైనది. అందుకే ప్రతిఫలాన్ని ఆశించి ఓర్పుతో తన ఊరిలోనే నిలిచిపోయిన వానికి షహీద్ పుణ్యం లభిస్తుందని హదీసు శుభవార్త ఇచ్చింది. ఇక్కడ నిలిచిపోయిన వాడు దోషి కాడు, గౌరవనీయుడు. హజ్రత్ అబూ ఉబైదా, హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) అంతటి మహనీయులు ఆ వ్యాధిలోనే మరణించారు. వ్యాధి రావడం పాపానికి గుర్తు అనేవారికి ఇంతకంటే వేరే జవాబు అక్కరలేదు. తరువాత హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రజలను గుంపులుగా ఉండనీయక కొండలలోకి చెదరిపొమ్మన్నారు. 2020లో భౌతిక దూరం అని చెప్పినది ఈ సూత్రాన్నే. మొదట సామాజిక దూరం అనే మాట వాడుకలోకి వచ్చింది. మనుష్యుల మధ్య ఆత్మీయత తగ్గాలని దాని భావం కాదు కనుక, 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భౌతిక దూరం అనే మాటకు మారింది. ఒక్క విశేషణం మారేసరికి అర్థం ఎంత మారినదో చూడవచ్చు.

అంటు, సోకు

వ్యాధి ఒకరి నుండి ఒకరికి అంటుతుందా అనే ప్రశ్న పూర్వ పండితులలో చాలా చర్చకు వచ్చింది. దీనికి అరబీ మాట అద్వా. అద్వా లేదని ఒక హదీసు, కుష్ఠురోగికి దూరంగా ఉండమనీ, జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న వాటి దగ్గరకు తోలవద్దనీ వేరే హదీసులు ఉన్నాయి. అల్లాహ్ అనుమతి లేకుండా వ్యాధి తనంత తానుగా ప్రభావం చూపుతుందనే అజ్ఞానకాలపు నమ్మకాన్ని మొదటిది ఖండించినదనీ, కారణాలను పాటించి జాగ్రత్తపడాలని మిగతావి నేర్పుతున్నాయనీ అనేక పండితులు సమన్వయం చేశారు. 1348లో ప్లేగు స్పెయిన్‌ను చుట్టుముట్టినపుడు గ్రనడా మంత్రి, వైద్యుడు ఇబ్నుల్ ఖతీబ్ ఈ వ్యాధి అంటుతుందన్నది అనుభవం వల్ల రుజువైన సంగతి అని ధైర్యంగా వ్రాశారు. బట్టల ద్వారా, పాత్రల ద్వారా, వ్యాధి ఉన్న దేశం నుండి ఆరోగ్యంగా ఉన్న రేవుకు వచ్చిన మనిషి ద్వారా అది వ్యాపించడాన్ని ఆయన సాక్ష్యంగా చూపారు.

తెలుగులో ఈ రెండు భావాలకూ చక్కని మాటలున్నాయి. క్రిమి శరీరంలో ప్రవేశించడం సోకడం. ఒకరి నుండి మరొకరికి ప్రాకడం అంటడం. సోకే వ్యాధులన్నీ అంటువ్యాధులు కావు. మలేరియా దోమకాటు వల్ల సోకుతుంది. రోగి ప్రక్కన కూర్చుంటే అంటదు. క్రిమి సోకిన నాటి నుండి లక్షణాలు కనబడే వరకు గడిచే కాలాన్ని ఇంక్యుబేషన్ కాలమంటారు, అంటే వ్యాధి లోలోపల పొదిగే కాలం. కోవిడ్ తొలి దశలో దీనిని పద్నాలుగు రోజుల లోపుగా లెక్కించారు. పద్నాలుగు రోజుల గడువు అక్కడి నుండే వచ్చింది.

మశూచి నుండి టీకా

వ్యాధులను వేరుచేసి చూడటంలో మరొక మైలురాయి అబూ బక్ర్ రాజీ గ్రంథం. రయ్ నగరంలో జన్మించి క్రీ.శ. 925 ప్రాంతంలో మరణించిన ఈ వైద్యుడు జుదరీ, హస్బా అనే రెండు వ్యాధుల లక్షణాలను ప్రక్క ప్రక్కన పెట్టి వివరించారు. జుదరీ అంటే మశూచి, హస్బా అంటే తట్టు. తెలుగు పల్లెలలో మశూచిని అమ్మవారు అనేవారు.

టీకా అనే మాట ఉత్తర భారతం నుండి వచ్చింది. దాని మొదటి అర్థం బొట్టు, గుర్తు. మశూచి పొక్కుల పదార్థాన్ని కొద్దిగా చర్మంలోకి ఎక్కించే పాత పద్ధతి బెంగాలులో ఉండేది. చేసేవారిని టీకాదార్లు అనేవారు. ఇటువంటి పద్ధతినే ఉస్మానీ తుర్కీలో చూచి మేరీ వర్ట్‌లీ మాంటెగూ అనే ఆంగ్ల మహిళ 1717లో స్వదేశానికి ఉత్తరం వ్రాసింది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు మశూచి పదార్థంతో మరింత సురక్షితమైన పద్ధతి కనిపెట్టాడు. లాటిన్‌లో ఆవును వక్కా అంటారు. వ్యాక్సిన్ అనే మాటకు మూలం అదే. 1980 మే నెలలో మశూచి భూమిపై లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది. తుర్కీ స్త్రీలు, బెంగాలీ టీకాదార్లు, ఆంగ్ల వైద్యుడు, ఎందరో గ్రామ ఆరోగ్య కార్యకర్తలు ఈ విజయంలో భాగస్వాములు. టీకా ఏదో ఒక జాతివారి కుట్ర అనే ప్రచారం ఈ చరిత్ర ముందు నిలువదు.

నలభై రోజుల మాట

ఇటాలియన్ భాషలో క్వరంటా అంటే నలభై. ఎడ్రియాటిక్ సముద్ర తీరాన నేడు దుబ్రోవ్నిక్ అనబడే రగూసా నగరం 1377లో, ప్లేగు ఉన్న ప్రాంతాల నుండి వచ్చే వారు ముప్పై రోజులు ఊరి బయట ఉండాలని శాసించింది. తరువాత ఈ గడువు నలభై రోజులై క్వారంటీన్ అనే మాట స్థిరపడింది. ఇది పుట్టుకతోనే రేవుల మాట.

భారతీయ ముస్లిములకు ఈ పదం హజ్ ప్రయాణంలో పరిచయమైనది. 1865 హజ్ కాలంలో కలరా వేలాది యాత్రికులను బలిగొని యూరప్ వరకు ప్రాకింది. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం జరిగినది. 1882లో ఎర్రసముద్రంలోని కమరాన్ ద్వీపంలో ఉస్మానీ ప్రభుత్వం క్వారంటీన్ కేంద్రం తెరిచింది. భారతదేశం నుండి వెళ్ళే హాజీల ఓడలు జిద్దా చేరే ముందు అక్కడ ఆగవలసి వచ్చేది. హాజీలు అక్కడ పడిన ఇబ్బందుల వల్ల ఉర్దూ ఇళ్ళలో ఆ మాటకు చేదు అంటుకున్నది.

1896లో ప్లేగు బొంబాయి రేవును తాకింది. మరుసటి ఏడాది, 1897లో, బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ఓడలను తనిఖీ చేయడానికి, ప్రయాణికులను నిలిపి ఉంచడానికి అది ప్రభుత్వానికి విశేషాధికారాలిచ్చింది. ఆ కాలంలో కళింగపట్నం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. గోపాలపూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుండి కూలీలు వేలాదిగా రంగూనుకు పోయేవారు. ఈ ప్రాంతంలో దానిని రంగం వెళ్ళడం అనేవారు. ఇటువంటి తీరపు పేదలకు క్వారంటీన్ మొదట ఒక వైద్య సలహాగా తెలియలేదు. చట్టం పేర, అధికారి పేర, కూలి పోయే రోజుల లెక్కగా తెలిసింది. ఆ చట్టమే 123 ఏండ్ల తరువాత 2020లో మళ్ళీ అమలుకు వచ్చింది.

నక్షత్రాల పేరు, విషం పేరు

రెండు పదాల చరిత్ర వైద్యులకు సైతం వినయం నేర్పుతుంది. ఇన్‌ఫ్లుయెంజా అనే ఇటాలియన్ మాటకు ప్రభావం అని అర్థం. నక్షత్రాల ప్రభావం వల్ల ఆ జ్వరం వస్తుందని పూర్వం తలచారు. వైరస్ అంటే లాటిన్‌లో విషం. 1918లో ఇన్‌ఫ్లుయెంజా భారతదేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసుకున్నపుడు, దానికి కారణం ఒక బాక్టీరియా అని చాలామంది వైద్యులు నమ్మారు. మనుష్యులలో ఆ వ్యాధిని కలిగించే వైరస్‌ను 1933లో గాని వేరుచేయలేకపోయారు. పేరు పెట్టినంత మాత్రాన వ్యాధి అర్థమైనట్లు కాదు.

పేరు పెట్టడంలో న్యాయం కూడా ఉన్నది. వ్యాధులకు దేశాల, జాతుల, జంతువుల పేర్లు పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచనలిచ్చింది. ఆ ప్రకారం 2020 ఫిబ్రవరి 11న కోవిడ్-19 అనే పేరు నిర్ణయించారు. అయినా ఆ వ్యాధిని ఒక మతానికి అంటగట్టే ప్రయత్నం భారతదేశంలో జరిగింది. మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్ళి వచ్చిన వారిలో కొందరికి వ్యాధి సోకినట్లు తేలగానే, ఆ కేసుల లెక్కను ఒక సమాజంపై నేరారోపణగా మార్చారు. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాఅత్ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది.

కేసు, అనుమానితుడు

ఇక్కడే ఒక మాట దగ్గర ఆగవలసి ఉన్నది. తెలుగువాడికి కేసు అంటే పోలీసు స్టేషన్, కోర్టు. వైద్యుడికి కేసు అంటే వ్యాధి ఉన్నట్లు లెక్కకు వచ్చిన ఒక మనిషి. అనుమానితుడు అంటే పత్రికా భాషలో దొంగతనం చేసి ఉండవచ్చు అనుకునే వాడు. వైద్య భాషలో పరీక్ష అవసరమైన వాడు. ఈ మాటలు ఒకే వార్తలో కలిసి వచ్చినపుడు రోగి నేరస్థుడిలా కనబడటం ఆశ్చర్యం కాదు. పాజిటివ్ అంటే పరీక్షలో వైరస్ ఆనవాలు కనబడినదని మాత్రమే. లక్షణాలు ఏవీ లేకపోవచ్చు. నెగెటివ్ వచ్చినా, మరీ ముందుగా పరీక్ష చేస్తే వ్యాధి లేదని పూర్తిగా చెప్పలేరు.

అన్నింటికంటే ఎక్కువగా కలిసిపోయిన మాటలు క్వారంటీన్, ఐసొలేషన్. వ్యాధి సోకినదని తేలిన వారిని వేరుగా ఉంచడం ఐసొలేషన్. వ్యాధి సోకి ఉండవచ్చునేమోనని, ఇంకా ఆరోగ్యంగానే ఉన్నవారిని గడువు వరకు వేరుగా ఉంచడం క్వారంటీన్. మొదటివాడు రోగి. రెండవవాడు రోగి కాడు.

శ్రీకాకుళం జిల్లాలో ఈ తేడా ఎంత అవసరమో 2020 వేసవి చూపింది. రాష్ట్రంలో వ్యాధి వ్యాపిస్తున్నా జిల్లాలో చాలా రోజులు ఒక్క కేసూ లేదు. ఏప్రిల్ 25న పాతపట్నం మండలంలో మొదటి మూడు కేసులు బయటపడ్డాయి. దేశంలో చాలా చోట్ల రమజాన్ తొలి ఉపవాసం కూడా ఆ రోజే. మస్జిద్‌లు మూసి, తరావీహ్ ఇళ్ళలో జరుగుతున్న కాలం. గుజరాత్ తీరంలోని వేరావల్ మొదలైన రేవులలో వేటకు వెళ్ళి చిక్కుకుపోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు నాలుగు వేలకు పైగా ఉండేవారు. ఏప్రిల్ చివరి నుండి వారిని బస్సులలో స్వస్థలాలకు చేర్చారు. అలా వచ్చిన వారిని వేరుగా ఉంచడం క్వారంటీన్ తప్ప, వారికి వ్యాధి ఉన్నదని నిర్ణయించడం కాదు. పూర్వం రంగం నుండి వచ్చిన ఓడ కూలీకి, వేరావల్ నుండి వచ్చిన వేటగాడికి ఎదురైన ప్రశ్న ఒకటే. ఊరు అతన్ని కాపాడవలసిన బిడ్డగా చూస్తుందా, తరిమివేయవలసిన ఆపదగా చూస్తుందా?

జూన్ 26న జిల్లాలోని పలాస-కాశీబుగ్గలో ఒక వృద్ధుడు మరణించగా, వ్యాధి సోకినదనే కారణంతో మృతదేహాన్ని జేసీబీ యంత్రంలో వేసి శ్మశానానికి తరలించారు. దేశమంతా ఖండించింది, ప్రభుత్వం బాధ్యులైన అధికారులను సస్పెండు చేసింది. కేంద్ర ఆరోగ్య శాఖ మార్చిలోనే మృతదేహాల విషయమై నిబంధనలు జారీ చేసి ఉన్నది. వాటి ప్రకారం సిబ్బంది చేతి తొడుగులు, రక్షణ దుస్తులు ధరించి, దేహాన్ని సంచిలో భద్రపరచాలి. స్నానం చేయించడం, ముద్దుపెట్టుకోవడం కూడదు. తాకనవసరం లేని ప్రార్థనలు జరుపుకోవచ్చు. మర్యాదను వదలివేయమని ఆ నిబంధనలలో ఎక్కడా లేదు. గుస్ల్ సాధ్యం కానపుడు ఏమి చేయాలన్న ప్రశ్నకు ఉలమాలు తయమ్ముమ్ వంటి సడలింపులను వివరించారు. ధర్మశాస్త్రానికీ వైద్యానికీ ఘర్షణ రాలేదు. భయానికీ మర్యాదకూ మధ్యనే ఘర్షణ వచ్చింది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించింది. ఆ మాటలు మాత్రం నిలిచిపోయాయి. మరో వ్యాధి వచ్చినపుడు మళ్ళీ అక్కరకు వస్తాయి. పూర్వ పండితులు తాఊన్‌ను వబా నుండి, జుదరీని హస్బా నుండి వేరుచేసిన శ్రద్ధతోనే క్వారంటీన్‌ను ఐసొలేషన్ నుండి, పాజిటివ్‌ను నేరం నుండి వేరుచేసి ప్రజలకు చెప్పవలసి ఉన్నది. జుమా ఖుత్బాలో ఇమాము, తరగతిలో ఉపాధ్యాయుడు, ఇంటి ముందుకు వచ్చే ఆరోగ్య కార్యకర్త ఈ పనిని పంచుకోవచ్చు. వైద్యపదం వ్యాధి స్థితిని తెలుపుతుంది, మనిషి విలువను తెలుపదు. వ్యాధి ఉన్న ఊరిలో ఓర్పుతో నిలిచిన వానిని షహీద్‌తో సమానంగా ఎంచిన సమాజం ఈ తేడాను మరచిపోరాదు.